హస్తవాసి కాదు

జాక్సన్,
ఆగస్టు 23

ప్రియమైన మిస్ ఒరేలియా గారికి,

మీ జలీసా రాసేది. ఫోను చెయ్యొద్దు, ఉత్తరమే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. "ఫోనులో అందరూ బాగున్నామనే అంటారు, కాగితం మీద పెట్టేసరికి చెయ్యి అబద్ధం చెప్పలేదు" అని మీరన్న మాట మరిచిపోలేదు. నా చెయ్యి నిజమే చెబుతోంది. బాగున్నాను.

నాకు పధ్నాలుగో గది ఇచ్చారు. నాలుగో తరగతి, ఇరవై మూడు మంది. నిరుడు ఈపాటికి టీచరు శిక్షణకి మీ దగ్గరికి వచ్చి, మీ గదిలో మూల కుర్చీలో కూర్చుని, మీరు గుమ్మంలో నిలబడి పిల్లల్ని పేరుపేరునా పలకరిస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. ఏడాదిపాటు రోజూ చూశాను కదా, ఇప్పుడు నా కాళ్లు వాటంతటవే గుమ్మంలోకి వెళ్లి నిలబడుతున్నాయి. మూడో రోజుకి ఇరవై మూడు పేర్లూ నోటికి వచ్చేశాయి.

బడి తెరిచే ముందు టీచర్లందరికీ వచ్చే పాడు కలలు నాకూ వచ్చాయి. ఒకదాంట్లో నైటీ వేసుకుని క్లాసుకి వెళ్లాను. ఇంకోదాంట్లో గది లేదు, గోడలు లేవు, మన డెల్టా పొలాల మధ్య నల్లబల్ల ఒక్కటే నిలబడి ఉంది. పిల్లలు పత్తి చాళ్లలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. గాలి వీచింది. వాళ్ల కాగితాలన్నీ నెమ్మదిగా పైకి లేచి, ఎక్కడ కాగితమో ఎక్కడ మబ్బో తెలియకుండా పోయాయి. నాకు భయం వెయ్యలేదు. అందరూ నవ్వుతున్నారు, ఒడెల్ అనే పిల్ల ఒక్కత్తే నా వైపు చూడలేదు.

కలలో ఏ పిల్ల కనిపిస్తే ఆ వారమంతా ఆ పిల్ల పక్కన కూర్చోమన్నారు కదా మీరు. అలాగే కూర్చుంటున్నాను. ఒడెల్ మాట్లాడదు, పెన్సిలు చివర కొరుకుతుంది. నిన్న మాత్రం నా చెవి దగ్గరికి వచ్చి "మా ఇంట్లో తాబేలుంది" అని చెప్పి పారిపోయింది.

పక్క గదిలో ఒహాయో నుంచి వచ్చిన కుర్రాడు మిస్టర్ ప్రూయిట్. తెల్లబ్బాయి, మర్యాదస్తుడు. ఐదు వారాల వేసవి శిక్షణ ఇచ్చి పంపేశారట. "నీకెన్నాళ్లు ఇచ్చారు?" అనడిగాడు. ఏడాది అన్నాను. "ఏడాదే! అన్నాళ్లు ఏం నేర్పుతారు?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

మీ తీపి టీ కోసం నాలుక పీకుతోంది. ఉంటాను మరి.

మీ
జలీసా

---

మార్లో,
సెప్టెంబరు 8

నా చిట్టి జలీసాకి,

చర్చి పాటల సాధన నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం టపా డబ్బాలో ఉంది. చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని చదివాను. పక్కింట్లో ఉండే మా చర్చి పెద్ద డీకన్ గారు "ఏంటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్, లాటరీ తగిలిందా?" అని అరిచారు. మా పిల్ల నైటీతో బడికెళ్లిందండీ అని చెప్పాను. ఇప్పుడు చర్చి అంతా నువ్వు నిజంగానే వెళ్లావనుకుంటోంది. నా తప్పేం లేదు.

ఒడెల్‌ని వదలకు. మాట్లాడని పిల్లే ముందు చేజారిపోతుంది.

ఈసారి నా మూల కుర్చీలోకి బ్రియెల్ అనే పిల్ల వచ్చింది. కాలేజీవాళ్లు పంపిన ఏడో పిల్ల. గోళ్లు ఇంత పొడుగు, సుద్దముక్క పట్టుకోవడమే ఓ తిరనాళ. అయినా చురుకైనదే. సోమవారం పొద్దున్నే "ఏం కలగన్నావు?" అనడిగితే బిత్తరపోయి చూసింది, నువ్వు మొదటి వారం చూసినట్టే.

ఒక మాట రాస్తాను, మనసులో పెట్టుకో. నీకంటే ముందు ఐదుగురిని నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. అందరూ మన నల్లపిల్లలే, అందరూ బంగారాలే. ఒక్కత్తీ మూడేళ్లు నిలవలేదు. కర్లిస్సా అట్లాంటాలో ఇళ్లు అమ్ముతోంది. ఒకతి విమానాశ్రయంలో టిక్కెట్లు చూస్తుంది. ఒకతి బీమా ఆఫీసు. మిగతా ఇద్దరూ ఎక్కడున్నారో కూడా తెలియదు. కాలేజీవాళ్లు ఏటా అడుగుతారు, "మీ పిల్లల్లో ఎవరెవరు ఇంకా టీచర్లుగా ఉన్నారండీ?" అని. నాకు మొహం చెల్లడం లేదు. ఈ కాలం పిల్లలకి నిలబడే ఓపిక లేదని చెప్పి తప్పించుకుంటున్నాను.

ఇరవై ఆరేళ్లు నేను ఈ గదిలోనే నిలబడ్డాను. నువ్వు నిలబడతావని నా నమ్మకం. నా పరువు నీ చేతిలో పెట్టానే పిల్లా, పారెయ్యకు.

ముద్దులతో,
ఒరేలియా స్టాంప్స్

---

జాక్సన్,
అక్టోబరు 19

ప్రియమైన మిస్ ఒరేలియా గారికి,

గొప్పలు చెప్పుకుంటున్నానని తిట్టుకోకండి, మీకు కాక ఎవరికి చెప్పుకోను?

రెండు వారాల కిందట ప్రూయిట్ తన గదిలోంచి, తను అదుపు చెయ్యలేని ఒక పిల్లని నా దగ్గరికి పంపాడు. పేరు టమైరా. తొమ్మిదేళ్లు, జడల చివర పూసలు. నడిస్తే గలగలమంటుంది, ప్రతిదానికీ "ఎందుకు?" అంటుంది. చేతిలో చీటీ: "పావుగంట కూర్చోబెట్టుకోగలరా?" నేను "రా తల్లీ, నీ పేరేంటి, ఇక్కడ కూర్చో, ఈ బొమ్మ కింద ఏం రాయాలో నువ్వు చెప్పు" అన్నాను. అంతే. గంటన్నర కిక్కురుమనలేదు.

ఆ మాట బడంతా పాకింది. ఇప్పుడు మూడో తరగతి నుంచీ ఐదో తరగతి నుంచీ కూడా చీటీలతో వస్తున్నారు. వెనక రెండు కుర్చీలు వాళ్ల కోసమే వేశాను. మా ప్రిన్సిపాల్ డాక్టర్ గేదర్స్ మనవాడే, మంచి మాటకారి. నిన్న మీటింగులో అందరి ముందూ లేచి, నన్ను చూపించి, "మిస్ రకర్ హస్తవాసి అలాంటిది! ఆవిడ గుమ్మం దాటితే పిల్లి కూడా బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు తేలిపోయింది.

మీరు గుర్తొచ్చారు. నిరుడు నవంబరులో మీరూ ఇదే మాట అన్నారు. "మొండి పిల్లల్ని నీకే ఇస్తున్నానంటే నీ హస్తవాసి చూసే పిల్లా" అని. ఆ రోజు నేను ఇంటికెళ్లి అమ్మకి మూడుసార్లు చెప్పాను.

మొన్న కలలో నా గది గోడలు మెల్లిగా వెనక్కి జరుగుతున్నాయి. పిల్లలు వస్తూనే ఉన్నారు, వాళ్లకి చోటు దొరుకుతూనే ఉంది. కిటికీల్లోంచి వెన్నెల రంగు నీళ్లు వచ్చి బల్లల కింద చేరాయి, ఎవరి కాళ్లూ తడవలేదు. బాగుంది ఆ కల. అందులో మాత్రం తలుపు ఎంత వెతికినా కనబడలేదు.

మీ
జలీసా

---

మార్లో,
నవంబరు 17

నా బంగారు జలీసాకి,

చూశావా, నేను చెప్పలేదూ! నీ ఉత్తరం చర్చిలో ముగ్గురికి చదివి వినిపించాను, డీకన్ గారికి రెండుసార్లు.

వస్తున్నారంటే రానీ. నా గదికీ ఇరవై ఆరేళ్లుగా వస్తూనే ఉన్నారు. వచ్చిన పిల్లని గుమ్మంలోంచి తిప్పి పంపడం మన ఇంటా వంటా లేదు. ఆ పిల్లకి అప్పటికే ఒక గది తలుపు మూసుకుంది, రెండోది కూడా మూస్తే ఎక్కడికి పోతుంది? భుజాలు గట్టిగా ఉంచుకో. వేడి నీళ్లలో తేనె వేసుకుని తాగు, గొంతు పోతుంది లేకపోతే.

పొలాల్లో నీళ్లు నిలిచాయి, తెల్లబాతులు దిగాయి. పొద్దున బడికి వెళ్తుంటే మంచులో రోడ్డు కనబడదు, బాతుల గోల వినిపిస్తుంది. కారు ఆపి అద్దం దించి కూర్చున్నాను కాసేపు. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. ఎక్కడున్నానో, ఏ ఏడాదో తెలియలేదు. వెనక సీట్లో పిల్లలు కూర్చుని ఉన్నారేమో అనిపించింది, నేను చదువు చెప్పిన పిల్లలందరూ. తిరిగి చూడటానికి భయం వేసి చూడలేదు. ముసలితనం వస్తోంది కాబోలు.

చర్చి పండగకి చిలగడదుంప తీపి రొట్టె చేసి నీకో ముక్క దాచాను. రాలేదు నువ్వు. నేనే తిన్నాను.

నీ
ఒరేలియా

---

జాక్సన్,
జనవరి 27

ప్రియమైన మిస్ ఒరేలియా గారికి,

ఇన్నాళ్లు రాయనందుకు మన్నించండి. రాస్తే చెయ్యి నిజం చెప్పేస్తుందని రాయలేదు.

మంగళవారం ఒక్కరోజే ఏడుగురిని పంపారు. ఏడుగురు! వెనక కుర్చీలు ఆరయ్యాయి. ఒకడు ఏడుస్తూ వస్తాడు, ఒకతి కోపంతో వస్తుంది, ఒకడు ఎందుకొచ్చాడో వాడికే తెలియదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, శాంతపరిచేసరికి నా లెక్కల పాఠం అయిపోతుంది. నా ఇరవై మూడు మంది ఎదురు చూస్తూ కూర్చుంటారు. పాపం, వాళ్లు మంచి పిల్లలు కాబట్టి ఎదురు చూస్తారు.

డిసెంబరు పరీక్షల్లో నా క్లాసు చదువులో వెనకబడింది. ప్రూయిట్ క్లాసు ముందుకెళ్లింది. ఎందుకు వెళ్లదు? వాడి మొండి పిల్లలందరూ నా దగ్గరున్నారు, మిగతావాళ్లకి వాడు హాయిగా పాఠం చెప్పాడు. ఈ నెల నుంచి నాలుగో తరగతికంతటికీ వాణ్నే పెద్దని చేశారు. పాపం వాడికే సిగ్గేసింది. "ఇది నీకు రావాల్సింది" అన్నాడు. నేను డాక్టర్ గేదర్స్‌ని అడిగాను. ఆయన నవ్వాడు. "నువ్వు పిల్లల దగ్గర ఉండాలమ్మా. నీ హస్తవాసిని కాగితాల పనికి పెడతామా?" అన్నాడు.

ఈ బడిలో మూడేళ్లలో మన ఆడవాళ్లు నలుగురు వెళ్లిపోయారట. నా గదిలో నాకు ముందున్నావిడ కూడా. బీరువా అడుగున ఆవిడ వదిలేసిన చీటీల కట్ట దొరికింది. అన్నిట్లో ఒకటే మాట, "పావుగంట కూర్చోబెట్టుకోగలరా?"

అసలు సంగతి ఇంకా రాయలేదు. నిన్న పొద్దున గుమ్మంలో నిలబడ్డాను. ఒడెల్ వచ్చింది. నోరు తెరిచాను, పేరు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. ఎవరో వేరే క్లాసు పిల్ల పేరు పెట్టి పిలిచాను. అది "పర్లేదు టీచర్" అని లోపలికెళ్లి కూర్చుంది. ఐదు నెలలు దాని పక్కన కూర్చున్నాను నేను. తాబేలు పేరు కూడా తెలుసు నాకు. కారులో కూర్చుని ఏడ్చాను.

కలలు రావడం లేదు. కళ్లు మూస్తే బూడిద రంగు తప్ప ఏమీ లేదు. సోమవారం పొద్దున అలవాటు కొద్దీ "ఏం కలగన్నావు జలీసా?" అని నన్ను నేనే అడుగుతాను.

వచ్చే ఏడాది ఉంటారా, వెళ్తారా అని కాగితం ఇచ్చారు. రెండు గళ్లు. మార్చి పదిహేనులోగా ఇవ్వాలి. వెళ్తాను అన్న గడిలో పెన్సిలుతో చిన్న గీత పెట్టాను. పెన్సిలే, ఇంకా.

మీ
జలీసా

---

మార్లో,
ఫిబ్రవరి 4

జలీసా తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. వెంటనే రాస్తున్నాను.

ఆ గీత చెరిపెయ్. ఒక్క పేరు మరిచిపోయావని బడి వదిలేస్తావా? నేను ఒకసారి పాస్టరు కొడుకుని కుక్క పేరు పెట్టి పిలిచాను. చచ్చిపోయానా? ఆ ఏడుగురు పిల్లలూ మన పిల్లలు. వాళ్లు పొద్దున లేచి ఎవరి మొహం చూస్తారు? మనలాంటి మొహం ఆ బడిలో ఇంకెన్ని మిగిలాయి? నువ్వు కూడా వెళ్లిపోతే ఐదు వారాలవాళ్ల చేతిలో పెట్టి వెళ్తావా వాళ్లని?

నా చిన్నప్పుడు మా టీచరమ్మ ఒక గదిలో నలభై ఒక్క మందికి చెప్పింది, చలికి గదిలో పొయ్యి తనే వెలిగించుకునేది, నోరెత్తలేదు. మనం అలాంటివాళ్లం. నిలబడు పిల్లా. నా కోసం నిలబడు. నువ్వూ వెళ్లావంటే నేను ఇన్నాళ్లు నేర్పిందంతా నీళ్లలో పోసినట్టే.

నీ
ఒరేలియా

---

జాక్సన్,
ఫిబ్రవరి 9

మిస్ ఒరేలియా గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నేనెలా ఉన్నానని మీరందులో ఎక్కడా అడగలేదు.

పెన్సిలు గీత మీద పెన్నుతో దిద్దాను. కాగితం ఇంకా ఆఫీసులో ఇవ్వలేదు, జ్వరంగా ఉంది. తగ్గాక ఇస్తాను.

జలీసా

---

మార్లో,
ఫిబ్రవరి 24

జలీసా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. నా చెయ్యి నిజం చెప్పడానికి మొరాయించింది. ఇవాళ చెప్పిస్తాను.

నీ మూడు వరుసలు వచ్చిన మర్నాడు తెల్లవారుజామున నాకో కల వచ్చింది. మన బడి వరండా. చివర కనబడనంత పొడుగు. గోడ పక్కన పిల్లలు వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతిలో చీటీ. నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్ల చెయ్యీ పట్టుకుని లోపలికి అందిస్తున్నాను. లోపల ఎవరో అందుకుంటున్నారు. చేతులే కనబడుతున్నాయి, మొహం లేదు. నాకు హాయిగా ఉంది, చెప్పలేనంత హాయి. భుజాలు తేలికైపోయాయి. అప్పుడు ఆ చేతులు చూశాను. ఒకసారి కర్లిస్సావి. ఒకసారి బీమా ఆఫీసు పిల్లవి. ఆఖరున నీవి.

లేచి కూర్చున్నాను. అది కల కాదే పిల్లా. జరిగింది అదే.

నీకు తెలియనిది చెబుతున్నాను. నా గదికి ఇరవై ఆరేళ్లుగా చీటీలతో పిల్లలు వస్తున్నారు. ఒక్కరికీ వద్దని చెప్పలేకపోయాను. ఒళ్లు హూనమైపోయింది. అప్పుడు కాలేజీవాళ్లు "ఏడాదికో పిల్లని పంపుతాం, నేర్పుతారా?" అన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నేర్పాలనే ఒప్పుకున్నాను, అది నిజం. ఇంకో నిజం ఏంటంటే, మొదటి ఏడాదే కనిపెట్టాను, వచ్చే పిల్లలందరినీ మూల కుర్చీలో ఉన్న పిల్లకి అప్పగించెయ్యొచ్చని. "నీ హస్తవాసి చూసి ఇస్తున్నాను" అంటే మీరందరూ మురిసిపోయేవారు. కళ్లు మెరిసేవి మీకు. నేను వెళ్లి కుర్చీలో కూర్చుని కాఫీ తాగేదాన్ని. అది శిక్షణలో భాగమేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ మాట అంటే నువ్వు కాదనవని నాకు తెలుసు. మీ ప్రిన్సిపాల్ నీ మీద వాడిన మాట నేను నీకు ముందే అలవాటు చేసి పంపాను.

కర్లిస్సాకి ఫోను చేశాను. "ఎందుకు మానేశావే?" అని ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి అడిగాను. "మిస్ ఒరేలియా, పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో మీరు నేర్పినంత బాగా ఎవరూ నేర్పరు. పెద్దవాళ్లకి వద్దని ఎలా చెప్పాలో మీరు నేర్పలేదు. మీకూ రాదు కదా" అంది. దానికి ఓపిక లేదని ఊరంతా చెప్పుకు తిరిగాను నేను.

మొన్న బుధవారం ఐదో తరగతి ఆవిడ ఒక పిల్లని పంపింది. బ్రియెల్ అలవాటుగా చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. పిల్లని తీసుకుని ఆవిడ గదికి నడిచి, "ఇవాళ్టి నుంచి వద్దమ్మా" అన్నాను. యాభై ఏడేళ్ల దాన్ని, ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ఆవిడ "మీకేమైంది?" అంది. తిరిగొచ్చేటప్పుడు నాకేం గర్వంగా లేదు.

నిలబడమని అడగను నిన్ను. నా కోసం అసలే వద్దు. కాగితం ఇచ్చెయ్, నీ ఒళ్లు చూసుకో. నీ జ్వరం ఎలా ఉంది? తింటున్నావా? అమ్మ వచ్చిందా?

క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

ఒరేలియా

---

జాక్సన్,
మార్చి 16

ప్రియమైన మిస్ ఒరేలియా గారికి,

మీ ఉత్తరం వచ్చాక పంతొమ్మిది రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. మామూలు కోపం కాదు. గిన్నెలు తోముతూ మీతో గట్టిగా పోట్లాడేదాన్ని. ఆ ఏడాదిలో మీరు కాఫీ తాగుతూ కిటికీలోంచి చూసేవారు. ఏదో గొప్ప ఆలోచనలో ఉన్నారనుకుని నేను అడుగుల చప్పుడు కూడా చేసేదాన్ని కాదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒక గిన్నె పగలాల్సిందే అనిపించేది. జ్వరం తగ్గింది. అమ్మ వచ్చి పది రోజులుండి వెళ్లింది. తింటున్నాను.

ఎలాగూ వెళ్లిపోతున్నాను కదా అనుకున్నాక భయం పోయింది. జ్వరం తగ్గి బడికి వెళ్లిన సోమవారం ప్రూయిట్ టమైరాని పంపాడు. వద్దనాలనుకున్నాను. పిల్ల ఎదురుగా నిలబడి ఉంది, చీటీ పట్టుకుని. నేను వద్దంటే అది తననే వద్దన్నాననుకుంటుంది. అప్పుడు నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "రా తల్లీ. మీ టీచర్‌ని కూడా పిలుచుకు రా. ఇద్దరూ వస్తేనే రావాలి" అన్నాను.

నిజంగానే తీసుకొచ్చింది! వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వాళ్ల క్లాసుని పావుగంట సహాయకురాలికి వదిలి వచ్చాడు. ఆరడుగుల మనిషి, నాలుగో తరగతి కుర్చీలో మోకాళ్లు గెడ్డం దాకా పెట్టుకుని కూర్చున్నాడు. మా పిల్లలు నవ్వాపుకోలేక చచ్చారు. అదే రోజు చీటీ పట్టుకుని వచ్చిన ప్రతి పిల్లకీ అదే చెప్పి పంపాను, "మీ టీచర్‌తో రా." రెండు రోజులకి చీటీలు సగమయ్యాయి. వారానికి ఆగిపోయాయి. ఆ చిన్న కుర్చీలో కూర్చోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ప్రూయిట్ ఒక్కడే మళ్లీ వచ్చాడు. రెండోసారి పుస్తకం తెచ్చుకున్నాడు. నేను టమైరా "ఎందుకు?" అంటే ఏం చేస్తానో, ఎక్కడ నిలబడతానో, గొంతు ఎప్పుడు తగ్గిస్తానో రాసుకున్నాడు. "నీకిది పుట్టుకతో వచ్చిందనుకున్నాను" అన్నాడు. "ఏడాది పట్టింది బాబూ, సోమవారం నుంచి శుక్రవారం దాకా" అన్నాను. వాడు తల దించుకుని, "మాకు ఐదు వారాల్లో ఇవాళ్టి లక్ష్యం బోర్డు మీద ఎలా రాయాలో నేర్పారు. చాలా అందంగా రాస్తాను" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మంచివాడే. వాణ్ని కూడా ఎవరూ సరిగ్గా నేర్పకుండా నీళ్లలోకి తోసేశారు.

డాక్టర్ గేదర్స్ పిలిపించాడు. "ఏంటమ్మా ఇది, ఇక్కడి పద్ధతి తెలుసు కదా. అందరూ నీ దగ్గరికి పంపుతారు. నీ హస్తవాసి..." అన్నాడు. నేను మధ్యలో ఆపాను. ఇదివరకు ఎప్పుడూ ఎవరి మాటా మధ్యలో ఆపలేదు నేను. "హస్తవాసి కాదండీ. చదువు. ఏడాది ఒకావిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. హస్తవాసి అంటే మీరు ఎవరికీ ఏమీ నేర్పించక్కర్లేదు, నేనొక్కదాన్ని ఉంటే చాలు. చదువంటే వాళ్లందరికీ నేర్పించాలి. నాకు ముందు ఈ గదిలో ఉన్నావిడ చీటీలు బీరువాలో ఉన్నాయి, చూస్తారా?" అన్నాను.

ఆయన మెల్లిగా, "మా అమ్మ కూడా టీచరే. ఆవిడ గదికీ ఇలాగే పంపేవాళ్లు" అన్నాడు. అంతకుమించి ఏమీ ఒప్పుకోలేదు. కానీ వచ్చే ఏడాది కొత్తవాళ్లు వారానికి ఒక పూట నా గదిలో కూర్చుని నేర్చుకోవాలని, అందుకు నా పనిలోంచి ఒక గంట తగ్గించాలని రాసిచ్చాడు. ఉత్త మాట కాదు, సంతకం పెట్టించుకున్నాను. అలా సంతకం పెట్టించుకోవడం మీరు నేర్పలేదు. కోపం నేర్పింది.

అయినా కాగితం ఇవ్వలేదు. వెళ్తాను అన్న గడిలో పెన్నుతో దిద్దిన గీత అలాగే ఉంది. ఒక సంతకంతో మారిపోతుందా అన్నీ, అనుకున్నాను. మొన్న చాలా రోజుల తర్వాత కల వచ్చింది. పెద్దగా ఏమీ లేదు. ఖాళీ గది. కిటికీలోంచి ఎండ. నేను ఒక్కదాన్నే కూర్చుని ఒక నారింజ పండు వొలుచుకుని తింటున్నాను. ఎవరూ రాలేదు. లేచాక చాలాసేపు ఆ నారింజ వాసన నా వేళ్ల మీదే ఉన్నట్టుంది.

నిన్న కాగితానికి ఆఖరి రోజు. గంట కొట్టడానికి ముందు తలుపు దగ్గర పూసల చప్పుడైంది. టమైరా. చేతిలో ఏమీ లేదు. అలవాటుగా "మీ టీచరేరీ?" అన్నాను.

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"ఏం చేశావేంటి?"

"ఏం చెయ్యలేదు. ఏం చెయ్యకపోతే రాకూడదా?"

ఈ బడిలో ఆ పిల్ల ఏ గదికైనా ఎవరూ తరమకుండా తనంతట తను నడిచి రావడం అదే మొదటిసారి. "రావచ్చు" అన్నాను. లోపలికి వచ్చి, ఒడెల్ పక్కన నిలబడి, తాబేలు ఏం తింటుందని అడిగింది. ఒడెల్ చెప్పడం మొదలుపెట్టింది. గంట కొట్టేదాకా ఆపలేదు. నేను ఆ పిల్ల గొంతు అంతసేపు ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకెళ్లి కొత్త కాగితం అడిగాను. ఉంటాను అన్న గడిలో గీత పెట్టి ఇచ్చాను. ఒక్క ఏడాదికే. ఆపై ఏడాది సంగతి ఆపై ఏడాదే. మీ పరువు కోసం కాదు, కాలేజీవాళ్ల లెక్క కోసం కాదు. నాకు ఈ పని ఇష్టం. పని చెయ్యనిస్తే చాలా ఇష్టం.

బ్రియెల్‌కి నా ఉత్తరాలన్నీ చదివించండి, మీవి కూడా. ముఖ్యంగా ఫిబ్రవరిది. ఆ పిల్ల మీ గదిలోంచి వెళ్లేలోగా తెలుసుకోవాలి.

మీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయిన రోజున మొదట మీకే రాస్తాను.

మీ
జలీసా